కోటు వేసుకుని దిగిన ఫోటో

దయ్యాల మాట మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. ఫోటోలు తీసేవాడి దగ్గరికి ఇలాంటి కథలు మోసుకొచ్చేవాళ్లకు కొదవేం లేదు. ఫోటోలో ఎవరో అదనంగా పడ్డారని వణుకుతూ తెస్తారు. చూస్తే ఫోటో తీసిన గాజు ప్లేటు మీద ఎవడిదో వేలిముద్ర ఉంటుంది. వెలుతురు, గాజు, మందునీళ్లు, నా పని అంతా ఈ మూడింటితోనే. వీటితో తేలని సంగతి నా జన్మలో ఒక్కటే చూశాను. చెబితే నవ్విపోతారని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.

మాది సిరిసిల్ల. అరవైల మొదట్లో బజారు వెనక సందులో నాకు చిన్న స్టూడియో ఉండేది. పదిహేనేళ్లు ఒకే జర్మనీ కెమెరాతో నెట్టుకొచ్చాను. మూడు కాళ్ల మీద కట్టె పెట్టె, నెత్తిన నల్లగుడ్డ, ఫిల్ముకు బదులు గాజు ప్లేటు. బరువు మోయలేక తిట్టుకునేవాణ్ణి గానీ, దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్లు మండేది.

స్టూడియోలో మేకుకు ఒక నల్లకోటు వేలాడేది. ఫోటో దిగడానికి వచ్చిన మగవాళ్లకు అదే తొడిగేవాణ్ణి. బక్కవాడైతే వెనక పిన్నులు పెట్టి బిగించడం, లావువాడైతే గుండీలు విప్పి వదిలేయడం. మా ఊళ్లో ఇంటింటి గోడల మీదా ఆ కోటే ఉండేది, మొహాలే వేరు.

రాజేశం అని ఒక మగ్గం పనివాడు ఉండేవాడు. ఒకరోజు పొద్దున్నే తల నున్నగా దువ్వుకుని వచ్చి, "అన్నా, నాకు గూడ గా కోటెయ్యి, దొర లెక్క దిగుత" అన్నాడు. వేశాను. మెడ కదిలించకుండా కూర్చున్నాడు. ప్లేటు బాగా వచ్చింది. కానీ ఆ వారమే పని వెతుక్కుంటూ షోలాపూర్ పోయాడు. ఫోటో కోసం మళ్లీ రాలేదు. ప్లేటు అరలో పడి ఉంది.

తర్వాత ఏడాదికి అందరూ జపాన్ కెమెరాలకు మారారు. ప్లేట్లు దొరకడం కూడా కష్టమైంది. మొండికేసి కొన్నాళ్లు లాగాను, చివరికి కొత్త ఫిల్ము కెమెరా కొనడానికి హైదరాబాద్ బస్సెక్కాను. ఆబిడ్స్‌లో ఒక ముసలాయన దుకాణం. కెమెరాతో పాటు మామూలు లెన్సు ఒకటి వస్తుంది, ఇంకొక్కటి కొనే స్తోమత ఉంది నాకు. ఆయన బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి పొట్టిది, గదంతా పట్టేస్తుంది. ఇంకోటి పొడుగుది, దూరంగా ఉన్న మొహాన్ని దగ్గరికి లాగుతుంది.

"గ్రూపులు దించుతవా, చెహ్రాలు దించుతవా? జర సోంచాయించి చెప్పు," అన్నాడు.

మధ్యాహ్నం దాకా అటూ ఇటూ మార్చి చూశాను. పెళ్లిళ్లకు పొట్టిది పనికొస్తుంది. అయినా మనసు పొడుగుదాని మీదే నిలిచింది. వీధిలో పోయేవాడి కనురెప్ప కూడా తెలుస్తోంది అందులో. అదే కొన్నాను.

ఇంటికి రాగానే నేను చేసిన పని, అప్పట్లో ప్లేట్ల నుంచి ఫిల్ముకు మారిన చాలామంది చేసిందే. అరలు ఖాళీ చేశాను. ఎవరూ తీసుకెళ్లని ప్లేట్లన్నీ వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టాను. మీదున్న పొర ఊడిపోతుంది, కింద తేట గాజు మిగులుతుంది. దాన్ని పటాలు కట్టేవాడికి అమ్మేశాను. ఎవరి మొహం కడుగుతున్నానో ఒక్కదాన్నీ వెలుతురుకు ఎత్తి చూడలేదు.

ఆరు నెలలైంది. ఒక మధ్యాహ్నం రాజేశం భార్య లచ్చవ్వ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"మా ఆయిన సచ్చిపోయిండన్నా. జరమొచ్చిందట. నేను పోయెటాల్లకు కాలవెట్టిండ్రు. మొకం గూడ సూడలే," అంది. ఏడుపు కూడా అయిపోయిన గొంతు. "మీ దగ్గర కోటేసుకొని దిగిన అని చెప్పిండు. ఎల్లుండి దినాలు. గా ఫోటో ఇయ్యిండ్రి, ముంగట పెట్టుకుంటం."

ప్లేటు కడిగేశానని అప్పుడే చెప్పాల్సింది. "ఉన్నది చెల్లె. ఎతకాలె. ఎల్లుండి పొద్దుగాల రా," అన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాల్లో ఇంత సిగ్గుపడ్డది ఇంకోటి లేదు.

ఆమె సందు మలుపు తిరగ్గానే పటాలవాడి దగ్గరికి పరుగెత్తాను. గాజులన్నీ ఎప్పుడో పటాలకెక్కాయి. ఉన్నా ఏం లాభం, అవి వట్టి గాజులు.

అప్పుడు నేతకార్ల సంఘం ఆఫీసులో ఉన్న గ్రూపు ఫోటో గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కింద నేనే పాత కెమెరాతో తీసింది. రెండో వరుసలో కుడి నుంచి మూడోవాడు రాజేశం. బతిమాలి ఒక్కరోజుకు తెచ్చుకున్నాను. చూసి నీరుగారిపోయాను. ఫోటో తీసేటప్పుడు తల తిప్పినట్టున్నాడు, మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక. కళ్లు లేవు, ముక్కు లేదు. ఒంటి మీద మామూలు చొక్కా.

ఎలాగోలా పెద్దది చేసి, పెన్సిలుతో కళ్లూ కోటూ గీద్దామనుకున్నాను. మోసమే. ఇంకో దారి లేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వరండాలో ఫోటోను బల్లకు పిన్నులతో గుచ్చి, పొడుగు లెన్సు బిగించి, ఆ మూడో మనిషికి గురిపెట్టాను. లెన్సు తిప్పుతూ కన్ను ఆనించాను.

మరక లేదు. రాజేశం ఉన్నాడు. నున్నగా దువ్విన తల, నల్లకోటు మెడపట్టీ, నేరుగా నా వైపు చూపు.

కన్ను తీసి ఫోటో చూశాను. మరకే. మళ్లీ కెమెరాలో చూశాను. రాజేశమే. లెన్సు విప్పి తుడిచాను, మామూలు లెన్సు పెట్టి చూశాను. మరక. పొడుగుది మళ్లీ పెట్టాను. అతనే, కదలకుండా, తీయి అన్నట్టు చూస్తున్నాడు. ఎండలో నిలబడి నాకు చలి పుట్టింది. పారిపోదామనిపించింది. రేపు పొద్దున లచ్చవ్వ వస్తుందన్న ఒక్క ఆలోచనే నన్ను అక్కడ నిలబెట్టింది. నొక్కాను.

నొక్కిన తర్వాత చూస్తే కెమెరాలోనూ మరకే. ఇంకో అయిదు తీశాను. మనిషి మళ్లీ కనిపించలేదు.

తలుపు మూసుకుని ఫిల్ము కడిగాను. మొదటి దాంట్లో మొహం ఉంది. మిగతా అయిదింట్లో లేదు. పెద్ద కాగితం మీద వేసి మందులో ముంచితే ముందు కోటు నలుపు, తర్వాత కళ్లు తేలాయి. మా ఇంటామెను పిలిచి, ఏమీ చెప్పకుండా చూపించాను.

"గీయిన రాజేశం గాదు? మన కోటేసుకున్నడు," అంది.

అంటే నాకు పిచ్చెక్కలేదు.

మీరడిగే ప్రశ్నలన్నీ నన్ను నేను అడుక్కున్నాను. ఒక ఫోటో మీద ఇంకోటి పడిందా? ఆ కొత్త కెమెరా నేను కొనేనాటికి రాజేశం ఊళ్లోనే లేడు, ఫిల్ము కూడా అప్పుడే విప్పిన కొత్తది. పెన్సిలు పెట్టెలోంచి బయటికి రాలేదు. తర్వాత ఆ ఫిల్ము ముక్కను ఆబిడ్స్ ముసలాయనకు ఇచ్చి, ఇది దేన్ని చూసి తీసిందో చెప్పమన్నాను. భూతద్దంతో చూసి, "మనిషిని ఎదురుంగ కూసోబెట్టి దించినవ్, ఇండ్ల అడిగేదేమున్నది," అన్నాడు.

లచ్చవ్వ చెప్పిన వేళకు వచ్చింది. ఫోటో చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. వేలితో కోటు గుండీ తడిమింది. అప్పుడు ఏడ్చింది, వచ్చిన రోజు రాని ఏడుపంతా. కొంగుతో మొహం తుడుచుకుని నా చేతులు పట్టుకుంది.

"ఇన్నొద్దులు పైలంగ దాసిపెట్టినవన్నా. నీ కడుపు సల్లగుండ."

నిజం ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ల గోడకుంది. ఇంటికి ఎవరొచ్చినా "గీ అన్ననే దాసిపెట్టిండు" అని నన్ను చూపిస్తుంది. నేను తల వంచుకుని ఏదో పనున్నట్టు వచ్చేస్తాను. ఆ మొహం కెమెరాలోకి ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఇక పట్టదు కూడా.

లచ్చవ్వకు చదువు రాదు. మా వైపువాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఆమెకు ఒక్క మాట చెప్పండి. ఆ ప్లేటు నేను దాచలేదు. ఈ చేతులతోనే కడిగేశాను.