ఎడిటింగ్‌లో తీసేసిన షాట్

ఏ తప్పూ చేయని మనిషిని నేరస్తుణ్ణి చేశాను. కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, మౌస్ పట్టుకుని చేశాను. ఈ సంగతి మా ఆయనకు తెలియదు, అమ్మకు తెలియదు, నా దగ్గర ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకు అసలే తెలియదు. ఏళ్ల తరబడి లోపలే పెట్టుకుని మోశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే మళ్లీ అబద్ధమే ఆడతానేమో.

మొన్న క్లాసులో పిల్లలు ఒక్కొక్కరే లేచి, సినిమా ఓపెనింగ్ చేస్తూ ఏం నేర్చుకున్నారో చెప్పారు. ఖమ్మంలో నేను చదివిన కోర్సులోనూ ఇదే పద్ధతి. సినిమా మొత్తం తీయక్కర్లేదు, మొదటి రెండు నిమిషాలు తీస్తే చాలు. తర్వాత అందరి ముందూ నిలబడి, ఏం నేర్చుకున్నామో చెప్పాలి. ఒకమ్మాయి ఊరికే అడిగింది, మీరేం నేర్చుకున్నారు మేడం అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. లైటింగ్ అని ఏదో చెప్పి క్లాసు ముగించేశాను.

నిజంగా ఏం నేర్చుకున్నాను?

మాది ఏన్కూరు దగ్గర పల్లె. మిర్చి, పత్తి పండించే ఇల్లు. అడవంటే మాకు బస్సు కిటికీలోంచి కనిపించేదే. నా ఓపెనింగ్‌కు మాత్రం అడవి కావాలి, అందులో భయం కావాలి. పినపాక అవతల ఒక కోయగూడెంలో తెలిసినవాళ్లున్నారని స్నేహితురాలు చెబితే వెళ్లాను. వాళ్లే జోగయ్య, ఆయన భార్య సమ్మక్క. అవి ఇప్పపువ్వు రాలే రోజులు.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకులుంటే పువ్వు వాటిలో పడి కనిపించదు. అందుకని ముందే ఆకులు ఊడ్చి కాలుస్తారు. జోగయ్య మొదట చెట్టు చుట్టూ నేలను గీరి, గడ్డిపరక లేకుండా చేశాడు. మంట ఆ గీత దాటకూడదు. తర్వాత ఆకులు అంటించి, అక్కడే నిలబడ్డాడు. మంట తగ్గగానే పచ్చికొమ్మ విరిచి కొట్టి కొట్టి ఆర్పాడు. సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి, మిగిలిన పొగ మీద చల్లాడు. పొగకు నా కళ్లు మండుతాయని నన్ను గాలి వచ్చే వైపు నిలబడమన్నాడు. అదంతా ఆపకుండా ఒకే షాట్‌గా తీశాను. సమ్మక్క జావ పోసింది. తాగి వచ్చేశాను.

చాలా రోజులకు మళ్లీ అటు వెళ్తే, గూడెం వెనక గుట్ట తగలబడుతోంది. ఎవరు అంటించారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. బస్సు దిగి అదీ తీశాను. సంబరంగా తీశాను, దాచడమెందుకు?

ఇక ఎడిటింగ్. పొద్దుటి వెలుగు తగ్గించి కాస్త నీలం కలిపితే రాత్రయిపోయింది. పాలిథిన్ కవరు మైకు దగ్గర నలిపితే మంట చిటపటలాడింది. జోగయ్య వంగి ఆకులు అంటిస్తాడు, తల ఎత్తి అటూ ఇటూ చూస్తాడు. నిజానికి ఆయన చూసింది పచ్చికొమ్మ కోసం. చెయ్యి కొమ్మకు అందబోయే చోట కోసి, తగలబడుతున్న గుట్టను అతికించాను. క్లాసులో అది వేసినప్పుడు ఎవరూ కదల్లేదు. సారు, నీకు చెయ్యి తిరిగిందమ్మా అన్నారు. గాల్లో తేలిపోయాను.

ఆ వీడియోను నేనే నెట్‌లో పెట్టాను. ఎవరో అందులోంచి పేర్లూ సంగీతమూ తీసేసి, అడవిని తగలబెట్టేది ఇలాంటివాళ్లే అని రాసి ఫోన్లలో తిప్పారు. తిరిగి తిరిగి అది ఆ గూడెం దగ్గరికే చేరింది. ముఖం స్పష్టంగా ఉంది, వెనక గుట్టా ఉంది. జంగలాత్ వాళ్లు, అంటే అటవీశాఖ వాళ్లు, వచ్చి జోగయ్యను తీసుకుపోయారు. కేసు పెట్టారు.

ఇంతవరకు జరిగింది తెలియనితనం అనుకోండి. కోసి అతికించడం ఈ పనిలో అందరూ చేసేదే. నా తప్పు అది కాదు. నా తప్పు ఆ తర్వాతది.

సమ్మక్క అడుగుతూ అడుగుతూ ఖమ్మం వచ్చి, మా కాలేజీ గేటు దగ్గర నిలబడింది. చేతిలో చిన్న గుడ్డమూట.

"బిడ్డా, నువ్వు తీసిన బొమ్మ మొత్తం ఉన్నదా? మా ఆయన మంట ఆర్పింది గూడ తీసినవ్ గదా. నేను పక్కనే ఉంటి."

నేను భుజాన ఉన్న బ్యాగు సర్దుకున్నాను.

"గది సూపిస్తే ఇడుస్తరని వకీలు చెప్పిండు. జర సూడు బిడ్డా."

"లేదమ్మా. గంతే ఉన్నది. మిగిలింది పోయింది."

"మల్లొకపారి ఎతుకు. దొరుకుతదేమో."

"లేదని చెప్తున్న గదా."

"అవ్ బిడ్డా. లేకపోతే నువ్వు మాత్రం ఏం జేస్తవ్?" అని మూట నా చేతిలో పెట్టింది. ఎండబెట్టిన ఇప్పపువ్వు. నేను తీసుకున్నాను.

మెమరీ కార్డు అప్పుడు నా భుజాన ఉన్న బ్యాగులోనే ఉంది. ఎందుకు లేదన్నాను? హైదరాబాదులో ఒక పోటీకి నా ఓపెనింగ్ వెళ్లింది. గెలిస్తే స్టూడియోలో పని ఇస్తారు. కేసు, కోర్టు అని నా పేరు బయటికొస్తే ఆ పని రాదేమోనని, నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తాడని, ఫలితాలు వచ్చేదాకా ఆగి అప్పుడు ఇద్దామని, అప్పటికి వాళ్లే ఎలాగో వదిలేస్తారని, ఇలా ఎన్ని చెప్పుకున్నానో. ఆ పోటీలో గెలిచింది వేరే ఎవరో. అప్పుడైనా ఇవ్వొచ్చు కదా? ఇస్తే ముందు అబద్ధమాడానని తెలిసిపోతుంది. ఒక పెళ్లి షూటింగ్‌కు కార్డు కావాల్సి వచ్చి, అందులో ఉన్నదంతా తుడిచేశాను. ఇంకో కార్డు కొనుక్కోలేక కాదు. తెలిసే తుడిచేశాను.

జోగయ్య కొన్ని నెలలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. వాయిదాలకని కొత్తగూడెం తిరుగుతూనే ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. మనిషి పోయాడని కేసు మూసేశారు. తప్పు చేయలేదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పోయినేడు చెప్పేద్దామనే వెళ్లాను. సమ్మక్క నన్ను గుర్తుపట్టి, కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఇప్పుడు ఆకులు కాల్చడం లేదట, ఆకుల్లోంచి చేత్తోనే పువ్వు ఏరుకుంటోందట. హాస్టల్లో మనవళ్లను గుట్ట కాల్చినోడి మనవళ్లని పిలుస్తున్నారట, వాళ్లు బడి మానేస్తామంటున్నారట. అదంతా విన్నాను. నా పిల్లలెట్లున్నారని అడిగితే బాగున్నారన్నాను. లేచి వచ్చేశాను.

ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆవిడకు లేని తెరిపి నాకెందుకో తెలియదు. ఈ కాగితాన్ని ఆ హాస్టల్ పిల్లలకు చదివి వినిపించే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు. చూపించడానికి నా దగ్గర ఇప్పుడు ఏమీ లేదు, మాట తప్ప. జోగయ్య మంట ఆర్పాడు. పొగ పోయేదాకా నిలబడి ఆర్పాడు. అది నా దగ్గర ఉండింది. లేదన్నాను.