బద్ధకస్తుడి పాట

ఆ పాట నేను మొదట విన్నది పళ్ళ డాక్టరు దగ్గర, వెయిటింగ్ రూమ్‌లో. మాటల్లేవు, పియానో ఒక్కటే. ఎడమచేతి వైపు లోతుగా ఒక స్వరం, కాస్త ఆగి దాని మీద మెత్తగా రెండు మూడు స్వరాలు కలిసి, మళ్ళీ అలాగే. ఆ ఊగు మీదికి కుడిచేతి రాగం చాలా ఆలస్యంగా, రానా వద్దా అన్నట్టు వచ్చింది. అది ఏడిపించలేదు, ఓదార్చనూ లేదు. ఎవరో వచ్చి ఏమీ అడక్కుండా నా పక్కన కూర్చున్నట్టనిపించింది. లోపలికి పిలిచినా లేవబుద్ధి కాలేదు.

నాకప్పటికి నలభై దాటాయి. మా అమ్మాయి మేముండే ప్లేనో ఊళ్ళోనే ఒక తెలుగావిడ దగ్గర పియానో నేర్చుకునేది. ఆవిడ కోస్తాలో మిషన్ స్కూల్లో నేర్చుకుని, ఇక్కడి తెలుగు చర్చిలో ఏళ్ళ తరబడి వాయించిన మనిషి. పిల్లల్ని ఏడిపిస్తుందని పేరు. పోటీల్లో బహుమతులు వస్తాయి కాబట్టి తల్లిదండ్రులు నోరెత్తరు. నేను ఫోన్‌లో ఆ పాట వెతికి ఆవిడకి వినిపించి, నేర్పుతారా ఆంటీ అని అడిగాను.

ఆవిడ నవ్వింది. "ఇదా? ఇది ఎవడు రాశాడో తెలుసా? నూరేళ్ళ పైమాటే. పారిస్‌లో పెద్ద మ్యూజిక్ స్కూల్లో చేరాడు. వీడంత బద్ధకస్తుణ్ణి చూళ్ళేదని టీచర్లు తలలు పట్టుకున్నారు. చివరికి తాగుబోతులు కూర్చునే హోటళ్ళలో పియానో వాయించుకుని బతికాడు. అప్పటివాళ్ళంతా చేతులు విరిగిపోయేలా పెద్ద పెద్దవి రాస్తుంటే వీడు ఈ నాలుగు ముక్కలు రాశాడు."

"మరి ఇంతమంది ఎందుకు వింటున్నారు ఆంటీ?"

"వినడానికి కష్టపడక్కర్లేదు కదా! నీ వేళ్ళకి ఇంతకన్నా పైది ఎలాగూ రాదులే. రా, నేర్పుతాను."

చేరాను. ఆఫీస్ నుంచి నేరుగా వెళ్ళేదాన్ని. ఆవిడ నా మణికట్టు మీద పెన్సిల్‌తో కొట్టేది, మా అమ్మాయి చూస్తుండగానే. "నీ ఎడమచెయ్యి పిండి రుబ్బుతోంది. వినపడుతోందా?" అనేది. వినపడేది. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఆ పాటలో స్వరాలు ఎంత తక్కువంటే, ఒక్కటి బరువుగా పడినా దాచుకోవడానికి చోటుండదు. ఆ రాసినాయన ఊరి చివర ఒంటిగదిలో బతికాడట, చచ్చిపోయేదాకా లోపలికి ఎవర్నీ రానివ్వలేదట. ఆ సంగతీ ఆవిడే చెప్పింది, వెటకారంగా. నాకు మాత్రం ఆ గది తెలిసినట్టే అనిపించింది.

వేసవి సెలవులకి ముందు చర్చి హాల్లో పిల్లల ప్రోగ్రాం పెట్టింది. పెద్దవాళ్ళలో నేనొక్కదాన్నే. ఆవిడ మైక్ తీసుకుని, "నెక్స్ట్ ఒక మమ్మీ వాయిస్తుంది. ప్లీజ్ బీ కైండ్," అంది. పిల్లలు కిసుక్కుమన్నారు.

మొదటి సగం బాగానే వచ్చింది. ఆ పాట రెండో సగంలో దాదాపు మొదటి సగమే మళ్ళీ వస్తుంది. చివర్లో మాత్రం ఒకటి రెండు స్వరాలు దిగజారి, ముఖం వాడినట్టవుతుంది. ఆ చోటు కోసమే నేను అన్ని నెలలు నేర్చుకున్నాను. రెండో సగం మొదలుపెట్టానో లేదో భుజం మీద చెయ్యి పడింది.

"చాల్లే అమ్మాయ్. మిగతాదీ ఇంతే."

హాలంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు, మూడో వరసలో కూర్చుని. నేను లేచి వంగి దండం పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు.

కార్‌లో మా ఆయన, "ఆవిడన్నదాంట్లో తప్పేముంది? సేమ్ థింగే కదా," అన్నాడు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "స్టాప్ ఇట్, డాడీ," అంది. ఆ తర్వాత తనూ ఆవిడ దగ్గరికి వెళ్ళనంది, నేనూ మానేశాను. ఇంట్లో కీబోర్డ్ మీద మాత్రం వాయించుకునేదాన్ని.

కొన్నేళ్ళకి ఆవిడకి పక్షవాతం వచ్చి, కాలిఫోర్నియాలో డబ్లిన్‌లో ఉన్న కూతురింటికి చేరిందని విన్నాను. ఆఫీస్ పని మీద అక్కడికి దగ్గర్లోని సన్నీవేల్ వెళ్ళినప్పుడు ఫోన్ చేసి, చూడ్డానికి వెళ్ళాను. క్షమించమంటుందేమోనన్న ఆశ నాకు లేదంటే అబద్ధం.

కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమచెయ్యి ఒళ్ళో తువ్వాల్లా పడుంది. నన్ను చూసి గోడవారనున్న పియానో వైపు గడ్డం ఊపింది. "వాయించు. ఆ బద్ధకస్తుడిది."

మొదటి నుంచి చివరిదాకా వాయించాను. స్వరాలు దిగజారే చోట, ముందెప్పుడూ రానంత బాగా వచ్చింది. తిరిగి చూస్తే ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"లేవలేను కాబట్టి ఆపలేదు," అంది.

గుమ్మం దాకా దిగబెట్టడానికి వచ్చిన కూతురు మెల్లగా, "నాకూ ఆవిడే నేర్పింది. హైస్కూల్ అయిపోయాక ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ పియానో అమ్మేస్తే ఊరుకోదు," అంది.

మరుసటేడు ఆవిడ పోయింది. పాత స్టూడెంట్ల గ్రూప్‌లో అందరూ గొప్ప గురువు అని రాసి, చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను రాయలేదు. మా అమ్మాయి కాలేజ్ నుంచి ఫోన్ చేసి, "ఆర్ యూ సాడ్, అమ్మా?" అని అడిగింది.

"లేదు," అన్నాను. తను నమ్మింది.