పోశమ్మ పేరు మీద

నారాయణఖేడ్ బజార్లలో తెల్లారక ముందే చీపురు పట్టుకుని కనిపించే ఆ బక్కపలచని మనిషి పేరు హన్మమ్మ. కానీ ఆ సంగతి ఊరికి తెలియదు. చాయ్ హోటలు వాళ్లు, కూరగాయల వాళ్లు, సర్కారు దవాఖాన కాంపౌండరు, అందరూ ఆమెను పోశమ్మ అనే పిలుస్తారు. ఆమె కూడా ఆ పేరుకే ఠక్కున పలుకుతుంది. హన్మమ్మా అని పిలిస్తే మాత్రం తనను కాదేమో అన్నట్టు ఆలస్యంగా తిరిగి చూస్తుంది. ఆ పేరుతో పిలిచేది ఇంట్లో ఉన్న అత్త ఒక్కతే. ఆ అత్త పేరు పోశమ్మ.

ఇందులో దొంగతనమేమీ లేదు. ఊళ్లో ఇంకా గ్రామపంచాయతీ ఉన్న రోజుల్లో అసలు పోశమ్మే బజార్లు ఊడ్చేది. ఒకనాడు చెత్త ట్రాక్టరు వెనక రేకు ఊడి ఆమె మోకాలి మీద పడింది. కాలు అతుక్కుంది గానీ వంగడం మానేసింది. కొడుకు నర్సింగ్ అంతకు ముందే హైదరాబాద్‌కు కూలికి పోయి, కడుతున్న మేడ మీది నుంచి పడి శవమై తిరిగొచ్చాడు. ఇంట్లో మిగిలింది కుంటికాలి అత్త, కోడలు, పాలు మరవని పిల్ల అంకిత. పంచాయతీలో అప్పటి మేస్త్రి దయగల మనిషి. కాగితాలు మార్పించడం పెద్ద లంపటమని, పేరు అట్లాగే ఉంచి చీపురు కోడలి చేతికిచ్చాడు. అడిగిన వాడు లేడు, అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

అప్పటి నుంచి చెయ్యి కోడలిది, వేలిముద్ర అత్తది. జీతం పడిన రోజున ఇద్దరూ కలిసి బ్యాంకుకు పోతారు. ఆ రోజు ముసలమ్మ తలకు నూనె రాసుకుని, పెట్టెలోని చీర కట్టుకుని, కుంటుకుంటూనైనా ముందు నడుస్తుంది. దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే జీతానికి అని చెబుతుంది. అనే హక్కు ఆమెకు లేకపోలేదు. ఆ పేరు సంపాదించింది ఆమే కదా.

పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. మేస్త్రి పోయి జవాను వచ్చాడు. ఊడ్చే వాళ్ల మీద పెత్తనం చేసే వాడిని మున్సిపాలిటీలో జవాను అంటారు, తుపాకీ ఏమీ ఉండదు. ఇప్పటి జవాను గిద్యోను. అతనికి సంగతి తెలుసు. తెలిసీ మూడో కంటికి తెలియనివ్వకుండా నెట్టుకొస్తున్నాడు.

ఇలా నడుస్తుండగా మున్సిపాలిటీకి డబ్బుకు కటకట వచ్చింది. ఖర్చులు తగ్గించుకునే దారి చూడండని పైనుంచి ఉత్తరం కూడా దిగింది. కౌన్సిలు కూర్చుంది. హాలు బయట వరండా ఊడుస్తూ హన్మమ్మ అంతా విన్నది. ముందుగా సమోసాలు తగ్గించాలని ఒకరన్నారు, ఆ మాట సమోసా తింటూనే అన్నారు. తరువాత పక్క మున్సిపాలిటీతో పొత్తు సంగతి వచ్చింది. రోడ్లు ఊడ్చే మిషను రెండు ఊళ్లకూ ఒకటి చాలు. ఇంజనీరు ఒకడు చాలు. శవాలను తీసుకుపోయే బండి, వైకుంఠ రథం, అది కూడా ఒకటి చాలు, వారం వాళ్లకు, వారం మనకు. రెండు ఊళ్లలోనూ ఒకేనాడు పోతే ఎట్లా అని ఒక పెద్దాయన అడిగాడు. చైర్మన్ నవ్వి, వంతుల ప్రకారం పోదాం లెండి అన్నాడు. హాలంతా నవ్వింది. వరండాలో హన్మమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వు ఆరకముందే సఫాయి పని వంతు వచ్చింది. రెండు ఊళ్ల పనీ ఒకే ఏజెన్సీకి ఇస్తారు, ఒకటో తారీకు నుంచి. ముఖం చూసి హాజరు వేసే మిషను పెడతారు. మనుషులను తగ్గించాలి, కానీ ఎవరి పొట్టా కొట్టినట్టు ఉండకూడదు. అందుకని అరవై దాటిన వాళ్లను ఇంటికి పంపుతారు, వాళ్ల చోట కొత్తవాళ్లను తీసుకోరు. అప్పుడు హన్మమ్మ ఉండే వార్డుకు మెంబరైన స్వరూపరాణి లేచింది. పనిలో ఉండగా చనిపోయిన వాళ్ల ఇంట్లో ఒకరికైనా ఆ పని ఇవ్వాలని, అది రాయకపోతే తాను చెయ్యెత్తనని పట్టుబట్టింది. మంచి మాటే. రాశారు. అందరూ చేతులెత్తారు.

హన్మమ్మకు నలభై దాటి ఎంతో కాలం కాలేదు. కాగితాల మీద మాత్రం ఆమెకు అరవై దాటాయి.

మరునాడు గిద్యోను ఇంటికి వచ్చి గడప మీద కూలబడ్డాడు. మంచివాడే గానీ ఎక్కడ ఏం మాట్లాడాలో చూసుకోని మనిషి. లోపల ముసలమ్మ చేటలో పప్పు ఏరుతున్న సంగతి చూసుకోలేదు.

"ఏం చేస్తమే పోశమ్మా. డ్యూటీల ఉండంగ సచ్చిపోతేనే పని ఇంట్ల నిలుస్తది. బతికున్నోళ్లకు మాత్రం ఇంటికి పొమ్మనుడే."

లోపల చేట చప్పుడు ఆగిపోయింది. హన్మమ్మ ఆ ఆగడం విన్నది. విని, అతనికి చాయ్ పెట్టింది.

చచ్చినట్టు కాగితం పుట్టిద్దామా అని గిద్యోనే గొణిగాడు. గడప మీద కూర్చుని దారిన పోయే వాళ్లందరినీ పలకరించే మనిషిని కాగితంలో ఎట్లా చంపుతారు? అది అయ్యే పని కాదని అతనే మళ్లీ తల అడ్డంగా ఊపాడు. హన్మమ్మ స్వరూపరాణి ఇంటికి పరుగెత్తింది. మొదటిసారిగా ఉన్నదంతా ఒప్పుకుంది. స్వరూపరాణి తలుపు దగ్గరగా వేసి, ఈ మాట బయట పడితే ఇన్నేళ్లు ఎవరి వేలితో జీతం ఎత్తావని కేసు పెడతారని, గిద్యోను కొలువు కూడా పోతుందని చెప్పింది. తాను రాయించిన మాట తన వార్డులోనే ఇట్లా తగులుతుందని అనుకోలేదని కళ్లు తుడుచుకుంది. హన్మమ్మకు ఆ కన్నీళ్లు చూస్తే ఒళ్లు మండింది. నీ ఏడుపు నేనేం చేసుకోను అనుకుంటూ వచ్చేసింది.

ఈ పని పోతే ఇక మిగిలింది హైదరాబాదే. నర్సింగ్‌ను మింగిన కూలిపనే. అంకిత గురుకులంలో ఇంటర్ చదువుతోంది, దాని సంగతి ఎట్లాగో గడుస్తుంది. కానీ లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవలసిన ముసలిదాన్ని ఎవరి మీద వదిలి పోవాలి? వెంట తీసుకుపోతే ఏ రేకుల షెడ్డులో పడుకోబెట్టాలి? ఎటు నుంచి ఆలోచించినా అడ్డం అత్తే. ఆ ఆలోచన వచ్చినందుకు హన్మమ్మ తనను తానే తిట్టుకునేది. తిట్టుకున్నా అది పోయేది కాదు.

ఆ వారంలోనే ముసలమ్మ బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకున్నానని, కోడలి పని నిలబడేదాకా ఒక్కపొద్దు ఉంటానని చెప్పింది. ఒక పూట తిని ఒక పూట మానింది. తరువాత ఆ ఒక్క పూటా సగం రొట్టె అయింది, సగం రొట్టె కాస్తా గ్లాసెడు అంబలి అయింది. హన్మమ్మ చీకటితో పోయి మిట్టమధ్యాహ్నం వస్తుంది. తిన్నావా అని అడుగుతుంది, తిన్నానంటుంది. అంతకు మించి అడగలేదు. ఎందుకు అడగలేదో ఆమెకే తెలియాలి.

అంగడి రోజున పొద్దున్నే లేచి, ముసలమ్మ కిందనున్న చాప మడత సరిచేయబోతే అంచు కింద బీపీ గోలీలు దొరికాయి. ఒకటీ రెండూ కాదు, గుడ్డపేలికలో దాచిన గుప్పెడు. ముసలమ్మ కళ్లు మూసుకునే ఉంది. ఒళ్లు కాలుతోంది. హన్మమ్మ ఆ గోలీలను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తరువాత పేలికను మళ్లీ నీటుగా మడిచి, ఉన్నచోటే పెట్టి, చాప సర్ది, చీపురు తీసుకుని పనికి పోయింది.

దాచడమెందుకు, అది జరిగింది. ఆకలి, భయం మనిషిని ఎంత దూరం తీసుకుపోతాయో కడుపు నిండిన వాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఆ పొద్దున హన్మమ్మ గుండె రాయి కూడా కాలేదు. అది మామూలుగానే కొట్టుకుంది. అదే భయంకరం.

మున్సిపాలిటీ ఆవరణలో వైకుంఠ రథం ఆగి ఉంది. రోజూ దాని చుట్టూ ఊడ్చేది ఆమే. వంతులు అప్పుడే మొదలయ్యాయి, ఒకటో తారీకు దాకా ఆగలేదు. ఆ బండి చక్రాల కింది ఆకులు లాగుతూ, దూరంగా ఉన్న గిద్యోనును అడిగింది.

"గిద్యోనన్నా, గీ వారం బండి మనకా, ఆళ్లకా?"

"మనకే. ఎందుకే?"

జవాబు చెప్పబోయి ఆగిపోయింది. తన గొంతు తనకే వినబడింది. బియ్యం ఉన్నాయా అని అడిగినట్టు అడిగింది. మనసు అప్పుడే అత్తను బండిలో ఎక్కించేసింది, వారం కూడా చూసుకుంది. చీపురు అక్కడే పారేసింది. ఆమె పరుగెత్తింది. అంగడికి బుట్టలు దించుతున్న వాళ్ల మధ్య నుంచి, కొంగు జారినా చూసుకోకుండా, నోట్లో అత్తా అత్తా అని అనుకుంటూ పరుగెత్తింది. వెనకే గిద్యోను చెత్త ఆటో తీసుకుని వచ్చాడు. ముసలమ్మ పిలిస్తే పలకడం లేదు. ఇద్దరూ ఎత్తి, ఆటోలో గోనెలు పరిచి పడుకోబెట్టారు.

దవాఖాన కిటికీ దగ్గర కాంపౌండరు తల ఎత్తి చూశాడు.

"ఏం పోశమ్మా, ఎవర్ని తెచ్చినవ్?"

"మా అత్తను."

"పేరు?"

గిద్యోను వెనక నుంచి దగ్గాడు. హన్మమ్మ ఆ దగ్గు విన్నది.

"ఆమెదే పోశమ్మ. నా పేరు హన్మమ్మ," అన్నది.

కాంపౌండరు వింతగా చూశాడు గానీ వెనక వరుస పెద్దది. రాసుకుని చీటీ ఇచ్చాడు. ఇన్నేళ్లు గుండెల్లో దాచుకున్న మాట, బయట పడితే కొంపలంటుకుంటాయనుకున్న మాట, ఓపీ చీటీ మీద ఒక పేరై కూర్చుంది. ఎవరికీ పట్టలేదు.

సాయంత్రానికి సెలైన్ ఎక్కి ముసలమ్మ కళ్లు తెరిచింది. తెరుస్తూనే ముఖం తిప్పుకుంది.

"ఎందుకు తెచ్చినవే? ఇంకో దినం ఆగితే అయిపోవు."

హన్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. చెప్పకపోతే తాను బతకలేనని తెలిసి చెప్పింది.

"అత్తా, చాప కింద గోలీలు చూసిన. చూసి మల్ల ఆడనే పెట్టి పనికి పోయిన."

"ఎరికే," అన్నది ముసలమ్మ. "నిద్ర పోలే నేను. నువ్వు మల్ల సదిరి పెట్టంగనే, సరే, కోడలు కూడ ఒప్పుకున్నది అనుకున్న. నిమ్మలంగ పండుకున్న."

కోపంగా అన్నా తట్టుకునేది. తిట్టినా పడేది. ఎంతో ప్రేమగా అన్న ఆ మాటకు హన్మమ్మ మంచం పట్టె మీద తల ఆనించి, వార్డంతా వింటుందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది. ముసలమ్మ సూది గుచ్చని చేత్తో కోడలి తల నిమురుతూనే ఉంది.

నెలాఖరున ఇంటికి పోయే వాళ్లకు మున్సిపాలిటీ సన్మానం పెట్టింది. ఖర్చులు తగ్గించే తీర్మానం చేసిన ఆ హాలులోనే, శాలువాలు మాత్రం కొత్తవి తెచ్చారు. పోశమ్మా అని పిలిస్తే హన్మమ్మ లేచి ముందుకు నడిచింది. చైర్మన్ శాలువా కప్పుతూ, గింత వయసొచ్చినా నెత్తి నెరవలేదు, కష్టం చేసే శరీరం అంటే ఇది అని మెచ్చుకున్నాడు. ఇక ఇంటి దగ్గర మనవళ్లతో ఆడుకొమ్మన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. స్వరూపరాణి మాత్రం తల వంచుకుని తన చేతులకేసి చూసుకుంది. ఒకటో తారీకు దాకా రోజులు మిగిలి ఉన్నాయని, అప్పటిదాకా అందరూ డ్యూటీకి రావాలని చివర్లో చెప్పారు.

ఇంటికొచ్చి హన్మమ్మ శాలువా తీసి అత్త భుజాల మీద కప్పింది. నీదే, నిన్నే పిలిచారు అని చెప్పింది. ముసలమ్మ ఆ జరీ అంచును వేళ్లతో తడిమి చూసుకుంది. సంబరపడినట్టే ఉంది. పళ్లెంలో జొన్నరొట్టె, పప్పు వేసి ముందర పెడితే ఒక ముక్క తుంచింది. నోటి దాకా తీసుకుపోయి, మళ్లీ పళ్లెంలో పెట్టింది. పళ్లెం మెల్లగా అవతలకు జరిపింది.

"ఏంది అత్తా?"

ముసలమ్మ గడప వైపు చూసి, ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఫస్టుకు ఇంక మూడొద్దులున్నయ్ గదనే."

ఆ మూడు రోజులూ హన్మమ్మ డ్యూటీకి పోలేదు. గిద్యోను కబురు మీద కబురు పంపాడు, తానే వచ్చి పిలిచాడు. ఆమె గడప దాటలేదు. పూటపూటకు రొట్టె చేసి, పప్పులో నానబెట్టి, ముద్ద చేసి అత్త నోట్లో పెట్టింది. మింగేదాకా చూసి, నోరు తెరిపించి, మళ్లీ పెట్టింది. ముసలమ్మ ఏడుస్తూనే నమిలింది.