తిలారులో ఒక్క నిమిషం

జపాన్ రైలు టాటానగర్ బర్మామైన్స్‌ వాడలో మొట్టమొదట వచ్చింది మా ఇంటికే. మాటల్లోనే అనుకోండి. ముందు గదిలో మంచం నిలబెట్టి, చాపలు పరిచి, పదిహేనుమందిని కూర్చోబెట్టాం. టెల్కో కాలనీ నుంచి స్కూటరు మీద వచ్చిన ఇంజనీరుగారికి మాత్రం పక్కింటి కుర్చీ తెచ్చి వేశాం. ఆయన కంపెనీ పని మీద జపాన్ వెళ్లి ఆరు వారాలు ఉండొచ్చారు. గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన. మా మాటలు ఆయనకి సగమే అర్థమయ్యేవి.

“గంటకు రెండు వందల కిలోమీటర్లండీ. కప్పు నిండా టీ పోసి కిటికీ దగ్గర పెట్టినా చుక్క తొణకదు,” అన్నారు.

మావాళ్లు టీ గ్లాసులు చేత్తో పట్టుకుని శ్రద్ధగా విన్నారు. ఫర్నేసు దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన ఓ పెద్దాయన గ్లాసు కింద పెట్టి అడిగాడు.

“బాబూ, ఆ రైలు ఎక్కడెక్కడ ఆగుద్ది?”

“పెద్ద ఊళ్లలో మాత్రమే. ఎక్కువచోట్ల ఆగదు కాబట్టే అంత వేగం.”

“ఆగని రైలు మనకేటికి బాబూ?”

జపాన్‌లో ఇంజనీరుగారిని ఈ ప్రశ్న ఎవరూ అడిగుండరు. ఇంకొకాయన, ఆగిన చోట ఎంతసేపు ఆగుతుందని అడిగాడు. ఒక్క నిమిషం అనగానే గదంతా నవ్వింది. మా వీధి నుంచి ఎవరు ఊరికి బయల్దేరినా వీధంతటి సామానూ వాళ్లతోనే వెళ్లాలి. అది మా ఆచారం. ఒకరి ఇనప్పెట్టె, ఒకరి అట్లపెనం, ఎవరి మేనల్లుడికో సైకిలు చక్రం. కాదన్నవాళ్ల సామాను మళ్లీ ఎవరూ ముట్టరు. “నిమిషంలో మనం దిగుతాం, సామాను విశాపట్నం ఎల్లిపోద్ది,” అని తేల్చేశారు. కిటికీలు తెరుచుకోవని తెలిశాక, మరి మహానదిలో పైసలెలా వేస్తామని ఒకాయన దిగులుపడ్డాడు. గమ్హరియాలో పట్టాలకి బోల్టులు చేసే చిన్న కార్ఖానాలో పనిచేసే ఆయన అప్పటిదాకా నోరు విప్పలేదు. చివరికి, “ఆ బోల్టులు సేసేది నాను బాబూ. రెండొందలొద్దు. యాబై సాలు,” అన్నాడు. వేగం కావాలన్నది పెళ్లికాని కుర్రాళ్లు ముగ్గురే. వాళ్లకి ఎక్కడికీ వెళ్లే పని లేదు.

నిజానికి మాకు కావాల్సింది జపాన్ రైలు కాదు. టాటానగర్ నుంచి శ్రీకాకుళం వైపు, మధ్యలో మారకుండా పోయే ఒక్క రైలు. డెబ్బైల చివర్లో ఆ సుఖం మా వీధికి లేదు. సాయంత్రం టాటాలో ఎక్కి, ఖరగ్‌పూర్‌లో దిగి, సామాన్ల మీద కూర్చుని, మద్రాసు వైపు పోయే బండిలో తోసుకుని ఎక్కి, మర్నాడు పలాసలో దిగాలి. మాది పలాస కూడా కాదు. తిలారు. అక్కడ పాసింజరు తప్ప ఏదీ ఆగదు. పలాసలో ఆ పాసింజరు కోసం మళ్లీ మూడు గంటలు కూర్చోవాలి.

ఆ మూడు గంటల వల్లే మా నాన్న కడసారి చూపు నాకు దక్కలేదు. టెలిగ్రాం పొద్దున పదికి అందింది. ఆ సాయంత్రమే బయల్దేరాం. ఊళ్లో ఆ రాత్రి ఉంచారు, మర్నాడంతా నా కోసం చూశారు. పొద్దుగూకాక దహనం చేయరు, రెండో రాత్రి ఉంచరు. నేను తిలారులో దిగి ఊరి దారి పట్టేసరికి మగాళ్లంతా తడి బట్టలతో ఎదురొచ్చారు. మా అన్నయ్య నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ దారిలోనే కూలబడ్డాను. అప్పటి నుంచీ నా లెక్క ఒక్కటే. మారకుండా వచ్చే రైలు తిలారులో ఒక్క నిమిషం ఆగితే మధ్యాహ్నం రెండుకల్లా ఊళ్లో ఉంటాను. ఆగకపోతే చీకటి పడుతుంది. ఇంక మిగిలింది మా అమ్మ. ఆవిడకి ఆయాసం పట్టుకుందని అన్నయ్య కార్డు రాశాడు.

రైలు కోసం పెట్టిన సంఘానికి సెక్రటరీ మా ఇంటాయనే. ప్లాంటులో క్రేను నడిపేవాడు. పైన ఒక్కడే కూర్చుని ఎనిమిది గంటలు ఎవరితో మాటల్లేకుండా గడిపే మనిషి, కిందికి దిగాక సంఘాలు పెట్టకుండా ఉండలేడు. సంఘానికి ఒకటే చిక్కు, అందరూ షిఫ్టుల మనుషులు. ఎప్పుడు మీటింగు పెట్టినా మూడో వంతు ప్లాంటులో ఉంటారు, మూడో వంతు నిద్రలో ఉంటారు. అందుకని ప్రతి మీటింగూ మూడుసార్లు పెట్టేవారు. ఎ-షిఫ్టు వాళ్లు తీర్మానించింది బి-షిఫ్టు వాళ్లు కొట్టేసేవారు. సి-షిఫ్టు వాళ్లు నిద్ర కళ్లతో రెండింటికీ చేతులెత్తేవారు. టీలు మాత్రం మూడుసార్లూ నేనే పెట్టాను.

రైలు వేగంగా పోవాలని రైల్వేవాళ్లకి పెట్టే అర్జీలో రాయడానికి అందరూ సరేనన్నారు. పలాసలో ఆగాలన్నది ఎ-షిఫ్టు. బి-షిఫ్టులో సోంపేట వాళ్లు ఎక్కువ, సోంపేట చేరింది. సి-షిఫ్టు ఇచ్ఛాపురం, మందస చేర్చింది. వారం తిరిగి షిఫ్టులు మారేసరికి నౌపడా, కోటబొమ్మాళి, పొందూరుతో కలిపి ఇంకో ఆరు వచ్చి కూర్చున్నాయి. ఎవరికి వారే యమునా తీరే. తిలారు నేనే వేయించాను, మా ఆయనకి రెండుసార్లు ఉప్మా చేసిపెట్టి. ఇంజనీరుగారు కాగితం చూసి తల పట్టుకున్నారు.

“ఇన్నిచోట్ల ఆగితే రైలు వేగంగా ఎలా వెళ్తుందండీ?”

“ఆగే సోట ఆగనీండి బాబూ. మద్దిలో జోరుగా ఎల్లమనండి,” అన్నాడు ఫర్నేసు పెద్దాయన.

ఇంజనీరుగారు ఓపికమంతులు. నాలుగు స్టేషన్లకి మించి రాస్తే పైవాళ్లు నవ్వుతారని నచ్చజెప్పి, పెన్సిలు మా ఆయన చేతికిచ్చి, మిగతావి కొట్టేయమన్నారు. గదిలో అందరూ ఆ పెన్సిలు వైపే చూస్తున్నారు. నేను టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మొట్టమొదట కొట్టేసింది తిలారు.

పెద్దమనిషంటే ఇలా ఉండాలని అందరూ మెచ్చుకున్నారు. సొంత పెళ్లాం ఊరే కొట్టేశాక ఇంకెవరు నోరెత్తుతారు? మిగతా ఊళ్లు అయిదు నిమిషాల్లో పోయాయి. నేను పళ్లెం అక్కడే పెట్టి లోపలికొచ్చేశాను. ఎనిమిది రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టాను, కూర వేశాను, కంచం చప్పుడయ్యేలా పెట్టాను. నాలుగో రోజు ఆయన గోడతో చెప్పినట్టు, “సెక్రటరీ అన్నాక నాయం ఉండాల గదా,” అన్నాడు. గోడ కూడా ఏమీ అనలేదు.

అర్జీని ఇంగ్లీషులో మంచి కాగితం మీద ఎక్కించే పని నాది. ఎస్సెల్సీ దాకా చదివాను, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని సంఘంలో పేరు. పిల్లలు బడికి వెళ్లాక ఇంజనీరుగారు ఇచ్చిన చిత్తు ముందు పెట్టుకుని కూర్చున్నాను. స్టేషన్లు నాలుగే ఉన్నాయి. చిత్తులో ఉన్నది ఉన్నట్టు దింపాను. పలాస తర్వాత కాస్త ఖాళీ కనిపించింది. తిలారు అని రాశాను.

అంతలో పెరటి తలుపు చప్పుడైంది. పక్కింటావిడ, చేతిలో మూత పెట్టిన గిన్నె. మెంతికూర పప్పు. నాకు పప్పు తెచ్చి ఇచ్చేంత చనువు మా మధ్య ఏనాడూ లేదు.

“ఏటి సెల్లీ, రాత్తన్నావా? మా కోటబొమ్మాలి కొట్టీసినారంట. మా అమ్మ ఒక్కర్తే ఉంటాది. నువ్వు రాసీసినావంటే ఎవులికి తెలుత్తాది?”

ఏ మొహం పెట్టుకుని కాదంటాను? నా తిలారు సిరా ఇంకా ఆరలేదు. కోటబొమ్మాళి రాశాను. చీకటి పడేలోగా ఇంకో అయిదుగురు వచ్చారు. ఒకరికి తెలియకుండా ఒకరు, అందరూ పెరటి తలుపులోంచే. ఒకావిడ కూర్చుని చాలాసేపు ఎండ గురించి మాట్లాడింది, తర్వాత సోంపేట అని ఒక్క మాట అని ఏడ్చింది. నాకు అమ్మ ఉన్నట్టే వాళ్లందరికీ ఆ పట్టాల పక్కన ఎవరో ఒకరు ఉన్నారు, ఆయాసంతోనో పక్షవాతంతోనో. ఆ పూట నేను పొయ్యి వెలిగించకుండానే ఇంట్లో ఆరు రకాల కూరలున్నాయి, అర్జీలో పదకొండు స్టేషన్లున్నాయి. మర్నాటి నుంచి మగాళ్లు వచ్చి సంతకాలు పెట్టారు, కొందరు వేలిముద్రలు వేశారు. ఇంగ్లీషు కాగితాన్ని చదివి సంతకం పెట్టడం మా వీధిలో మర్యాద కాదు.

తనిఖీకి వచ్చిన ఒక రైల్వే అధికారికి టాటానగర్ ప్లాట్‌ఫారం మీద అర్జీ ఇచ్చారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇంజనీరుగారు టై కట్టుకొచ్చారు. అధికారి నిలబడే చదివి, వేలితో స్టేషన్లు లెక్కపెట్టి, మర్యాదగానే అన్నాడట. “యే గాడీ తో చల్ రహీ హై, భాయీ. ఇసే పాసింజర్ కహతే హైఁ.” ఈ బండి ఎప్పట్నుంచో నడుస్తూనే ఉంది, దీన్ని పాసింజరంటారు అని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి చొక్కా విప్పి మేకుకి తగిలించి మంచం మీద కూర్చున్నాడు. వీధిలో అప్పటికే విచారణ మొదలైంది, ఎవరు రాశారు, ఎవరు రాయించారు అని. పప్పులు తెచ్చిన ఆడవాళ్లంతా ఎవరో ఏమో అంటున్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఆయన అడగకముందే నేను చెప్పేశాను.

“నానే రాసినాను. ముందు తిలారు రాసినాను. మిగతావి తరవాత.”

అరుస్తాడనుకున్నాను. అరచేతులు చూసుకుంటూ అన్నాడు.

“కొట్టీసినప్పుడు నీ మొకం సూడ్నేదనుకున్నావా? సూసినాను. మీ నాన్నప్పుడు ఆ దారంట నీ ఎనకాల నడిసింది నానే గదే. ఆ పెన్సిలు ఇంకెవులి సేతికైనా ఇచ్చుంటే బాగున్ను.”

అంతే అన్నాడు. ఎనిమిది రోజులు మోసిన కోపం ఆ మాటతో పోయింది, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. నలుగురిలో ఆయన్ని నవ్వులపాలు చేసింది నేనే. కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన, కూర ఏటి ఉంది అని అడిగాడు.

ఆ వేసవిలో ఆయనకి సెలవు దొరకలేదు. మామూలుగా అయితే ఆయనకి సెలవు దొరికిన ఏడాదే ప్రయాణం, అంటే రెండేళ్లకోసారి. ఆసారి ఇద్దరు పిల్లల్నీ, వీధి సామాన్నీ వేసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. ఆడది మగతోడు లేకుండా ఖరగ్‌పూర్‌లో బండి మారడం మా వీధిలో ఎవరికీ తోచని పని. అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. తీరా చూస్తే ఏమీ కాలేదు. కూలీతో పేచీ వస్తే మా పెద్దవాడు హిందీలో పోట్లాడి గెలిచాడు. చిన్నది మాత్రం దారిపొడవునా, “మా, నానీ కా ఘర్ ఇత్నా దూర్ క్యోఁ హై?” అని అడుగుతూనే ఉంది, అమ్మమ్మ ఇల్లు ఇంత దూరమెందుకని. తిలారులో పొద్దుగూకుతుండగా దిగాం.

అమ్మ చిక్కిపోయింది కానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి. మర్నాడు తలకి నూనె రాస్తూ మా రైలు కథంతా చెప్పాను. టీ కప్పు తొణకదంటే నమ్మలేదు. బోల్టులాయన మాటకి నవ్వీ నవ్వీ ఆయాసపడింది. తిలారులో రైలెందుకు ఆగాలో నా లెక్క కూడా చెప్పాను, మధ్యాహ్నం రెండుకల్లా ఊళ్లో ఉంటానని. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“అయితే ఏటే, ఇదంతా నాను సచ్చీసినాక బేగి రాడానికా?”

నూనె గిన్నె పక్కన పెట్టాను.

“సచ్చినోల మొకం సూసి ఏటి సేత్తావు? ఇప్పుడున్నాది గదా, ఇది సూడు. నెమ్మదిగానే రా. బతికున్నదాన్ని పొద్దుగూకిందని ఎవులూ ఎత్తుకెల్లిపోరు.”

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆ తర్వాత ఏటా రెండుసార్లు వెళ్లాను, ఆయనకి సెలవున్నా లేకపోయినా. వీధిలో ఆడవాళ్లు ఖరగ్‌పూర్‌లో ఏ ప్లాట్‌ఫారమో నన్నడిగి ఒక్కొక్కరే బయల్దేరడం మొదలుపెట్టారు. సంఘం రైలు తేలేదు. ఎ-షిఫ్టు వాళ్లు దాన్ని మూసేశారనీ, బి-షిఫ్టు వాళ్లు ఒప్పుకోలేదనీ విన్నాను.

మూడేళ్లు గడిచాక టెలిగ్రాం వచ్చింది. ఆ సాయంత్రమే బయల్దేరాను. ఖరగ్‌పూర్, పలాస, పాసింజరు. నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఎంతసేపు ఆపారో అన్నయ్య చెప్పబోతే పర్లేదన్నాను. మూడేళ్లలో ఆరుసార్లు వచ్చాను, కడుపునిండా చూసుకున్నాను, నాకది చాలని అక్కడున్న అందరికీ చెప్పాను. చాల్లేదు.