తూడా వదిన చేపల కుంట

మా ఆడపడుచు తూడా పుట్టింటికి తిరిగొచ్చేసరికి నేను ఈ ఇంట్లో కాలుపెట్టి ఏడాది కూడా నిండలేదు. ఆమెను కనుమ అవతలి ఊరికి ఇచ్చారు. పిల్లలు పుట్టలేదని భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు. తూడా అతనితో పోట్లాడలేదు. తను నేసుకున్న కంబళిని, తల్లి పెట్టిన టీ కెటిల్‌ను కంచరగాడిద మీద కట్టుకుని, కొండల మీద మంచు కరుగుతున్న రోజుల్లో మా వాకిట్లో దిగింది.

"చూడు ఇజ్జా, నేను చుట్టపుచూపుగా రాలేదు. పొద్దున్నే రొట్టెల పని నాది. నువ్వు నాకు మర్యాదలు చేస్తే నాకు ఒళ్లు మండుతుంది" అంది నాతో, ఇంకా కంచరగాడిద మీద మూట విప్పకుండానే.

ఆడపడుచు ఇంట్లో తిష్ట వేస్తే కోడలి బతుకు బుగ్గి అని మా అమ్మ నన్ను భయపెట్టి ఉంచింది. అమ్మ చెప్పింది ఎంత తప్పో నాకు రెండో కాన్పులో తెలిసింది. జ్వరంతో మంచం పట్టి ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, నా బిడ్డకు మేకపాలు పట్టి, నాకు తల దువ్వి, నా మొగుడు హద్దూను గొర్రెల వెంట తరిమి, ఇల్లంతా ఒంటిచేత్తో నడిపింది. లేచి తిరిగాక నేను ఏదో అనబోతే, "పోవే, నీకోసం కాదు. నువ్వు పోతే మా తమ్ముడికి ఇంకో పిల్లను వెతకడం నావల్ల కాదు" అని నవ్వింది.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు మా ఊరికి దూరంగా సరస్సు ఒడ్డున ఉన్న సత్రంలో ఉండి వంట చేసింది. ఫేస్, మెక్నేస్ పట్నాల నుంచి గాలాలు పట్టుకుని వచ్చే మనుషులకు ట్రౌట్ చేపలు వేయించి పెట్టేది. ఒంటి నిండా నల్ల చుక్కలు, పక్కన గులాబీ చార ఉండే ఆ చేపలు చల్లటి పారే నీళ్లలో తప్ప బతకవు. వాటిని ఏ నీళ్లలో వదులుతారో, ఏం మేపుతారో, ఎందుకు చస్తాయో అన్నీ సరస్సు కాపలాదారును అడిగి అడిగి తెలుసుకుంది. "పొయ్యి దగ్గర మాడుతున్నదానివి, నీకెందుకమ్మా ఈ గోలంతా?" అని అతను విసుక్కునేవాడట.

సత్రం మూతపడిన ఏడు ఇంటికి వచ్చి, మా మామగారు తన పేర రాసిన పొలం చెక్క చూపించమంది. అది మా పొలానికి పై కొసన ఉన్న బురద మూల. రాళ్ల కింద నుంచి ఊట ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. గోధుమలు వేస్తే కుళ్లిపోతాయి. ఆపిల్ మొక్కలు పెడితే వేళ్లు మురిగిపోతాయి. ఎవరికీ పనికిరాదనే ఆమెకు ఇచ్చారని ఊరందరికీ తెలుసు.

తూడా ఆ ఊటలో చెయ్యి పెట్టి, వేళ్లు కొంకర్లు పోయేదాకా అలాగే ఉంచింది.

"ఏం చేస్తావక్కా దీంతో? కప్పల్ని పెంచుతావా?" అన్నాడు హద్దూ.

"కప్పలు వాటంతట అవే పెరుగుతాయి. నేను ట్రౌట్‌ని పెంచుతాను. నవ్వడం అయ్యాక పార తీసుకురా."

శీతకాలమంతా అక్కాతమ్ముళ్లు తవ్వారు. గట్టుకు లోపలివైపు రాయి పేర్చారు. ఊట నీళ్లు నేరుగా కుంటలోకి జారకుండా, ఎత్తున ఒక పలకరాయి అమర్చి దాని మీద నుంచి దబదబా పడేలా చేసింది తూడా. నీళ్లు అలా పడి విరిగితేనే వాటిలో గాలి కలుస్తుందని, గాలి లేకపోతే చేపకు ఊపిరాడదని చెప్పింది. నీళ్లు బయటికి పోయేచోట ఇనుప జాలీ బిగించింది. ఊట దగ్గర రాతితొట్టి ఒకటి కట్టించింది, తాగే నీళ్ల కోసం.

చేపపిల్లలు డ్రమ్ముల్లో వచ్చాయి. చిటికెనవేలంత ఉన్నాయి. హద్దూ డ్రమ్ము ఎత్తి కుంటలో వంచబోతే తూడా అరిచింది.

"ఆగరా! హమామ్ వేడినీళ్లలోంచి వచ్చిన బిడ్డను మంచులో పడేస్తావా?"

కుంట నీళ్లు చెంబుతో కొంచెం కొంచెంగా డ్రమ్ములో పోస్తూ కూర్చుంది. లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే చలికి వచ్చాక డ్రమ్మును కుంటలో వాల్చి, "బిస్మిల్లా" అంది. చేపపిల్లలు ఒక్క క్షణం తటపటాయించి, పొగలా విడిపోయి అడుగుకు జారిపోయాయి.

అప్పటినుంచి ఆమె రోజు కుంట చుట్టూనే తిరిగింది. ఆకులు జాలీకి అడ్డం పడకుండా తీసేది. కొంగలు ఎత్తుకుపోకుండా పైన వల కట్టింది. మేత చల్లితే నీళ్లు ఉడికినట్టు అయ్యేవి. ఆమె అడుగుల చప్పుడు వింటేనే చేపలు ఆ వైపుకు వచ్చేవి, హద్దూ వెళ్తే వచ్చేవి కావు. "గొర్రెల వాసనరా, వాటికీ ముక్కుంది" అని ఏడిపించేది.

చేపలు పెద్దవయ్యాక ఆదివారాలు పట్నాల నుంచి కుటుంబాలు రావడం మొదలుపెట్టాయి. గట్టు మీద కూర్చుని గాలం వేసేవారు, పట్టినదాన్ని తూకం వేయించుకుని కొనుక్కునేవారు, లేదా అక్కడే కాల్పించుకుని తినేవారు. నేను టీ కాచేదాన్ని. మా ఇంటి కప్పు మీద రేకులు మారాయి, పిల్లలు బడికి బూట్లతో వెళ్లారు. ఇదంతా ఆ బురద మూల పెట్టిన తిండే.

ఊళ్లో గిట్టనివాడు ఒక్కడే, మా కింది తోట మీమూన్. మా కుంట దాటిన నీళ్లు అతని ఆపిల్ తోటకే పోతాయి. చేపలు నీళ్లను పాడుచేస్తున్నాయని తూడాను ఊరి జమాత్ పెద్దల దగ్గర కూర్చోబెట్టాడు.

"నా చెట్లు చేపల కంపు కొడుతున్నాయి. రేపు ఆపిల్ కోస్తే లోపల ముల్లుంటుందేమో!" అన్నాడు అందరి ముందు.

"అయితే రేటెక్కువ పలుకుతుందిలే మీమూనన్నా" అంది తూడా. "నేను నీళ్లు తాగడం లేదు, దాచుకోవడం లేదు. నా గుమ్మంలోంచి నీ గుమ్మంలోకి నడిచిపోతున్నాయి, అంతే. వచ్చి రుచి చూడు."

పెద్దలు వచ్చి తాగి చూశారు. ఎంత వస్తే అంత వదలాలి అని చెప్పి వెళ్లిపోయారు. మీమూన్ మాత్రం ఆ రోజునుంచి ఆమెను "చేపల మహారాణి" అనేవాడు. దారిలో ఎదురుపడితే, "మహారాణిగారి ప్రజలు కులాసానా?" అని అడిగేవాడు. "పన్ను కట్టమని నీకు కబురు పంపారు" అని ఆమె అనేది. అతని భార్య రహ్మా మాత్రం మొగుడి కంటపడకుండా మాతో పుదీనా, గుడ్లు ఇచ్చిపుచ్చుకునేది.

వరుసగా రెండేళ్లు మంచు సరిగా పడలేదు. ఊట సన్నగిల్లింది. ఆ ఎండాకాలం ఊరి పై కాలువ నీళ్లను గంటల లెక్కన వంతులు వేసుకున్నారు. చేపలకు ఊపిరాడక పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, తూడా, నేను, పిల్లలు బకెట్లతో నీళ్లు తోడి ఎత్తు నుంచి పోసేవాళ్లం. చేతులు పట్టేసేవి. "ఇంకొక్క వారం, వాన వస్తుంది" అనేది ఆమె.

వాన వచ్చింది. ఆగస్టు నెలలో ఒక మధ్యాహ్నం దేవదారు అడవి మీద ఆకాశం నల్లబడి, మా మీద నాలుగు చుక్కలే రాలాయి కానీ, కొండ మీద కుండపోత. కాసేపటికే కుంట పక్కనున్న వాగు ఎర్రగా, రాళ్లను దొర్లించుకుంటూ దిగింది. కుంట గట్టును పక్కనుంచి కొరికింది. మేము పరుగెత్తి వెళ్లేసరికి గట్టులో పెద్ద కంత పడింది. రాయి, మట్టి, నీళ్లు, మా ఏడాది చేపలు, అన్నీ కలిసి కింది తోటల్లోకి వెళ్లిపోయాయి.

తూడా చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని నిలబడిపోయింది. ఆమెను అలా చూడటం అదే మొదటిసారి. హద్దూ, "పదక్కా ఇంటికి, ప్రాణాలు దక్కాయి" అంటున్నాడు.

అప్పుడు కింది నుంచి రహ్మా గొంతు వినిపించింది.

"తూడా! ఓ తూడా! బతికే ఉన్నాయే! నా పుదీనా మడిలో ఎగురుతున్నాయి! ఎక్కడ వేయను?"

వాగు పొంగు వచ్చినంత వేగంగానే తగ్గిపోయింది. మీమూన్ తోటలో చెట్ల పాదుల్లో, కాలువల్లో, గుంటల్లో నీళ్లు నిలిచాయి. ప్రతి గుంటలోనూ వెండిలా మెరుస్తూ చేపలు కొట్టుకుంటున్నాయి. తూడాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

"బురద వాటి మొప్పల్లో దిగితే చచ్చిపోతాయి! రాతితొట్టిలోకి తీసుకురండి! గొర్రెల తొట్లలో కూడా ఊట నీళ్లు పట్టు హద్దూ! చేతులు తడుపుకునే పట్టుకోండి, పొడి చెయ్యి తగలకూడదు!"

రహ్మా కూస్కూస్ వండే గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనక ఊరంతా. ఒకరు బట్టలు ఉతికే తొట్టి, ఒకరు పాలక్యాను, ఒక ముసలాయన మసీదు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ బిందె. మా పెద్దమ్మాయి టీ కెటిల్‌లో ఒక చేపను తోక బయటికి ఉండగా తీసుకొచ్చింది. అందరూ మోకాళ్ల లోతు బురదలో జారుతూ, పడుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ చేపలు పట్టారు.

అయినా దూరం ఎక్కువ, మనుషులు తక్కువ. గుంటల్లో నీళ్లు ఎండకు వేడెక్కుతున్నాయి. దూరపు చెట్ల దగ్గర చేపలు వెల్లకిలా తిరగడం మొదలైంది. "అవి ఇంక దక్కవు" అంది తూడా.

అంతలో తోట పై భాగాన చల్లటి తేట నీళ్లు గలగలా దిగుతూ కనిపించాయి. మీమూన్ తన పొడుగు అంగీ జెల్లాబాను నడుముకు ఎగదోపుకుని, పారతో పై కాలువ మడవ తెరిచాడు. ఆ కాలువ అవతలి కొండ ఊట నుంచి వస్తుంది, అటు వాన పడలేదు. ఆ సాయంత్రం నీళ్ల వంతు అతనిది. వారమంతా దానికోసమే కాచుకుని ఉన్నాడు. వరద అందని పై మడుల్లో చెట్లు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. అతను ఆ నీళ్లను వాటికి పెట్టకుండా, చేపలున్న కాలువల వైపుకు మళ్లించాడు.

"మీమూనన్నా, నీ చెట్లు!" అని అరిచింది తూడా.

"చెట్లు నోరు తెరుచుకుని చావడం లేదుగా! ముందు వీటిని మోయండి, తర్వాత ఏడుద్దురుగాని!"

ఆ నీళ్లు తగిలాక చేపలు మళ్లీ బోర్లా తిరిగాయి. మాకు సమయం దొరికింది. పొద్దు వాలేదాకా మోశాం. చివర్లో మీమూన్ తనే వచ్చాడు. తడి జెల్లాబాకు కుట్టి ఉన్న టోపీని రెండు చేతులతో సంచిలా పట్టుకున్నాడు. అందులో మూరెడు ట్రౌట్ ఒకటి తన్నుకుంటోంది.

"ఇదిగో మహారాణీ, నీ వజీరు. నా చెంప మీద తోకతో కొట్టాడు" అన్నాడు.

తూడా ఆ చేపను రెండు తడి చేతుల్లోకి తీసుకుని తొట్టిలో వదిలి, గట్టు మీద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భర్త వదిలేసినప్పుడు ఏడవని మనిషి. రహ్మా ఆమె పక్కనే బురదలో కూలబడి వీపు మీద చెయ్యి వేసింది. మీమూన్‌కు ఎటు చూడాలో తెలియలేదు.

"ఏడవకమ్మా, నీళ్లు ఉప్పగా అయితే మళ్లీ పెద్దల దగ్గర కూర్చోబెడతాను" అన్నాడు. అందరం నవ్వాం.

సగానికి పైగా దక్కాయి. చనిపోయినవాటిని అప్పటికప్పుడే కడిగి, జీలకర్ర, ఉప్పు పట్టించి, దేవదారు కట్టెల మీద కాల్చాం. ఊరంతా మా వాకిట్లోనే తిన్నది. మరుసటి వారం మీమూన్ తన పాత గొర్రెలకొట్టం గోడ విప్పి, ఆ రాళ్లను కంచరగాడిదల మీద తోలించాడు. కొత్త గట్టు ఆ రాళ్లతోనే లేచింది. వాగు వైపున మొదటిదానికి రెట్టింపు మందం పెట్టారు. తూడా తన నీళ్ల వంతు రెండు విడతలు మీమూన్ చెట్లకు వదిలింది. అతను వద్దన్నాడు. "చెట్లకు ఇస్తున్నాను, నీకు కాదు" అంది.

చలికాలం మంచు బాగా పడింది. వసంతంలో చెర్రీ చెట్లు పూసినప్పుడు తూడా ఇంటింటికీ తిరిగి పిలిచింది. ఆ రోజు పట్నం వాళ్లకు కుంట లేదు, ఊరివాళ్లకే. తూకం లేదు, ధర లేదు. రెల్లు కర్రలకు దారాలు కట్టుకుని ముసలీముతకా అంతా గట్టు మీద బారులు తీరారు. చేపలు ఆకలి మీద ఉండాలని ముందురోజు మేత కూడా వేయలేదు ఆమె.

మీమూన్ గాలానికి పొద్దున్నుంచీ ఒక్కటీ పడలేదు. "నీ ప్రజలకు నేనంటే ఇంకా కోపమే" అన్నాడు.

"నువ్వు నోరు మూస్తే వస్తాయి" అంది రహ్మా. అప్పటికే ఆమె గిన్నెలో మూడున్నాయి.

మాట్లాడుతూనే రహ్మా తన కర్రను తూడా చేతిలో పెట్టింది. ఇన్నేళ్లు చేపలను వండి, పెంచి, మోసిన మనిషి ఎప్పుడూ గాలం పట్టుకోలేదన్న సంగతి మాకెవరికీ తట్టనే లేదు. ఆమె సిగ్గుపడింది. దారం విసరడం రాక మొదటిసారి హద్దూ తలపాగాకు తగిలించింది. రెండోసారి నీళ్లలో పడింది. కాసేపటికి కర్ర కొస ఒంగింది.

"లాగు వదినా!" అని నేను అరిచాను.

"ఉండవే, దానికీ కొంచెం అలుపు రానీ!" అంది. పళ్లు బిగపట్టి, మెల్లగా, ఒడ్డుకు తెచ్చింది. గులాబీ చార ఎండలో మెరిసింది. పచ్చిక మీద దాన్ని పెట్టుకుని ఆమె చిన్నపిల్లలా నవ్వింది. అప్పటికి ఆమె జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

మధ్యాహ్నం అందరం గడ్డి మీద కూర్చున్నాం. తినబోయే ముందు మీమూన్ అరచేతులు చాచి, ఈ ఊటను ఎండనివ్వకు, దీన్ని చూసుకునే చేతులకు ఆయుష్షునివ్వు, మమ్మల్ని ఒకరి వాకిట్లో ఒకరికి చోటుండేలా ఉంచు అని అల్లాను అడిగాడు. అతను అంత నెమ్మదిగా మాట్లాడగలడని నాకు తెలియదు. తూడా కళ్లు దించుకుని "ఆమీన్" అంది. తర్వాత పళ్లెం అతని ముందుకు జరిపి, "ముళ్లు చూసుకుని తిను మీమూనన్నా, ఆపిల్ కాదు ఇది" అంది.