ట్రాక్టరుకు పెట్టిన మేత

మా ఊళ్లో ఎద్దులు బదులిచ్చుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరి మడి దున్నితే వాళ్లే ఆ పూట ఎద్దులకు మేత పెట్టాలి. ఎద్దులు గలవాడు పెట్టకూడదు, దున్నినవాడూ పెట్టకూడదు. మడి గలవాళ్లే ఉలవలు ఉడకబెట్టి, తవుడు కలిపి, తమ చేత్తో ఎద్దు మూతి దగ్గర పెట్టాలి. దున్నినవాడు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్లు పెట్టింది తినాలి. వద్దన్నామా, "మా ఇంటి మేత నీ ఎడ్లకి పనికిరాదేటి?" అని మొహం ముడుచుకునేవారు. ఆ అలక కోతల దాకా తీరేది కాదు.

మంచి పద్ధతే, నేను కాదనడం లేదు. కాని అరవయ్యో దశకం చివర్లో మా ఇంటికి ట్రాక్టరు వచ్చింది. ఎద్దులకున్న మర్యాదంతా ఊరివాళ్లు దానికీ చేయడం మొదలుపెట్టారు. దాంతో కొంప మునిగింది. నాది కాదు, మా అత్తది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. మా ఊరి వాగును గెడ్డ అంటాం, దాని కాలవ పోయి పోయి ఆగే చోట, చిట్టచివర, ఒక్క మడి ఉండేది ఆవిడకి. అది పండితే ఏడాదికి గింజలు. పండకపోతే ఏడాదంతా ఒకరింట్లో ధాన్యం చెరగాలి, ఒకరి మడిలో నాట్లకి వంగాలి. ఎద్దుల్లేవు. ఏటా పక్క వీధి ఆసామి తన ఎద్దులతో నీటి మడి బురదగా దున్ని దమ్ము చేసి పెట్టేవాడు, అందుకు బదులు ఆవిడ వాళ్ల మడిలో నాట్లు వేసేది. ఆ ఏడు నేను మీసం మెలేసుకుని వెళ్లాను.

"అత్తా, ఎడ్లోడికి రావద్దని సెప్పీ. నీ మడి నాను ట్రాక్టరుతో దమ్ము సేసీస్తాను. ఒక్క పూట పని."

"నిజవేటి అల్లుడా? ఆడికి వద్దని సెప్పీసేక నువ్వు రాకపోతే నా గతేటి?"

"నానెందుకు రానత్తా! నా మాట మీద నమ్మకం నేదేటి నీకు?"

నమ్మింది. ఆ సాయంత్రమే వెళ్లి అతనికి చెప్పేసింది. అతను తన వరస ఇంకొకరికి ఇచ్చేసుకున్నాడు.

ఇక ఆ ట్రాక్టరు సంగతి. దాని కోసం మా నాన్న రెండు జతల ఎద్దుల్ని వదులుకున్నాడు. ఆఖరి జత వెళ్లిపోయిన రోజు ఆయన అన్నానికి లేవలేదు. ఆ తర్వాత ట్రాక్టరు గురించి మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. తిట్టినా బాగుండును. ఆ మౌనానికి నేను హడలిపోయేవాణ్ణి. బండి కాస్త దగ్గితే చాలు, ముందు ఇంటి అరుగు వైపు చూసేవాణ్ణి, ఆయన విన్నాడేమోనని.

కొత్త బండేం కాదు, ఒకరు వాడి వదిలింది. నూనె తెగ తాగేది. శ్రీకాకుళం నుంచి దాన్ని తోలుకొచ్చి అప్పగించిన మెకానిక్కు పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. "ఇంజను నూనె ఒకే రకం పొయ్యాల బాబూ. ఇయాల ఒకటి, రేపొకటి కలిపీకండి. ఒకదానికొకటి పడకపోతే లోపల జిగురు కట్టీస్తాది, ఇంజను పట్టీస్తాది."

పట్టేస్తే ఏమవుతుందని అడిగాను.

"ఏటవుతాది? ఇనప ముద్ద" అన్నాడు నవ్వుతూ. ఆయనకి నవ్వులాట. నాకు ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు.

ఆ శ్రావణంలో వానలు ఆలస్యంగా మొదలై ఒక్కసారిగా దంచేశాయి. గెడ్డ నిండింది. ఉభాలు, అదే మా వైపు వరినాట్లు, ఊరంతటికీ ఒకేసారి వచ్చి పడ్డాయి. కాలవ నీరు వంతులవారీగా తిప్పేవారు, మడికి రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో దమ్ము చేసుకున్నవాడు బతికాడు, లేనివాడి నీరు పక్క మడికి వెళ్లిపోతుంది. అందరికీ ట్రాక్టరే కావాలి. ఇనప చక్రాలు తగిలించుకుని పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా బురదలోనే ఉన్నాను. నేను దాచుకున్న నూనె డబ్బా మూడో రోజుకే ఖాళీ అయింది. ఇంకో డబ్బాకి శ్రీకాకుళం కబురు పెట్టాను, నదికి నీరొచ్చి బస్సు సరిగ్గా నడవడం లేదన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం ఒక పెద్ద రైతు మడి చేసి, వాళ్ల అరుగు మీద తింటున్నాను. తిరిగొచ్చేసరికి ఆయన బండి పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. "నీ బండికి మేత పెట్టీసేను. మా నీళ్ల ఇంజను నూనెలే, మంచిది" అన్నాడు. పైగా ఎద్దు మెడ నిమిరినట్టు బానెట్టు మీద రెండు తట్లు తట్టాడు. ఏమనను? పెద్దాయన. ఊరి పద్ధతి. నవ్వాను, నా మొహం.

మర్నాడు ఇంకొకాయన. అతని బావమరిది లారీ డ్రైవరు. లారీకి పోసే నూనె బావకిచ్చి వెళ్లాడట, బావ దాన్ని తెచ్చి నేను కాళ్లు కడుక్కుని వచ్చేలోగా పోసేశాడు. అంటే ఇంజన్లో అప్పటికే మూడు రకాలు. నేను స్టీరింగు పట్టుకుని మడి చూడడం మానేశాను, మోత వినడమే పని. ప్రతి మలుపులోనూ ఏదో కొత్త చప్పుడు వినిపించేది. దిగి చూస్తే ఏమీ ఉండదు. మళ్లీ ఎక్కేవాణ్ణి, మళ్లీ వినిపించేది.

ఆ మర్నాడు అత్త వంతు. నీరు పొద్దున్నే ఆవిడ మడికి తిరిగింది. చక్కగా చీలమండ లోతు నిలబడింది. నేను బండి తెచ్చి గట్టు పక్కన ఆపేసరికి ఆవిడ ఇత్తడి చెంబు కొంగుతో కప్పుకుని ఎదురొచ్చింది. అప్పుడప్పుడు ఊరి మిల్లులో కూడా ధాన్యం చెరగడానికి వెళ్లేది, మిల్లు ఇంజను నూనె అడిగి తెచ్చుకుందట. అందరూ పెడుతుంటే తను పెట్టకపోతే చిన్నతనం కాదూ! పని అయ్యాక కదా మేత, అదీ గుర్తు లేదు పాపం, ముందే తెచ్చేసింది. నేను ఇనప చక్రం బోల్టు బిగిస్తూ అటు తిరిగి ఉన్నాను. ఇటు తిరిగేసరికి మూత తీసి చెంబు మొత్తం వంచేసింది. "తిను నాయినా, తిను. నా మడి సల్లగా సెయ్యి" అంటోంది బండితో.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తుకెళ్లి నూనె చూసే పుల్ల పీకాను. నల్లగా, చిక్కగా, గీత దాటి పైకి అంటుకుని ఉంది. స్టార్టు చేశాను. నీలం పొగ గుప్పుమని లేచింది. అంతకు ముందెప్పుడూ అంత పొగ చూడలేదు. చటుక్కున ఆపేశాను.

"ఏటి పోసీసినావత్తా దీన్లో? ఎవులు పొయ్యమన్నారు నిన్ను? సంపీసినావు బండిని!"

నోరు పారేసుకున్నాను. నలుగురిలో. నాలుగు రకాలు పడ్డాయి దాన్లో, నాది పోగా రెండింటికి నోరు మెదపనివాణ్ణి, నాలుగోది పోసిన దిక్కులేని మనిషి మీద విరుచుకుపడ్డాను. పెద్దవాళ్ల దగ్గర మింగిన కోపమంతా అత్త మీద కక్కాను. ఆవిడ ఖాళీ చెంబు పట్టుకుని గట్టు మీద అలాగే నిలబడిపోయింది.

బండిని నలుగురి చేత తోయించి రోడ్డెక్కించి మా వాకిట్లో పెట్టాను. మెకానిక్కు వచ్చేదాకా ముట్టుకునేది లేదన్నాను. బస్సు కండక్టరు చేతికి చీటీ రాసిచ్చాను. మర్నాడు అతను రాలేదు.

మధ్యాహ్నం అత్త వచ్చింది. వాకిలి బయటే నిలబడి బండి వైపు చూసింది. మడి సంగతి అడగడానికే వచ్చిందనుకున్నాను. నేను తల దించుకుని బండి కింద దూరాను, ఏదో చూస్తున్నట్టు. కాసేపటికి వెళ్లిపోయింది. ఆ మర్నాడు పొద్దున్నే నీటి వంతు పక్క మడికి వెళ్లిపోయింది, ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి పెరటి గుమ్మంలోంచి జారుకున్నాను. సిగ్గులేనివాణ్ణి, ఇంతకంటే ఏం చెప్పను! ఒక పక్క ఆవిడ మడిలో నీరు ఇంకిపోతోందని తెలుసు, ఇంకో పక్క ఇనప ముద్ద అన్న మాట చెవిలో మోగుతోంది.

ఆ సాయంత్రం మా నాన్న అరుగు దిగి వచ్చాడు. ట్రాక్టరు గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

"బండి తియ్యరా. మీ అత్త మడి ఎండిపోతన్నాది."

"ఇంజను పట్టీస్తే?"

"పడితే పడనీ. ఎడ్లే పోనాయి, ఇదెంత? దానికున్నాది ఆ ఒక్క మడే గదా."

"నీకు తెల్దు, నువ్వూరుకో" అన్నాను. జన్మలో ఆయన్ని అంత మాట అనలేదు. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. అప్పటికీ మడిలో రెండు మూడు చోట్ల నీరు మిగిలే ఉంది. అప్పుడైనా తీసి ఉంటే సరిపోయేది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం మెకానిక్కు దిగాడు. పుల్ల తీశాడు, నూనె రెండు వేళ్ల మధ్య రాసుకున్నాడు, వాసన చూశాడు. కింద బోల్టు వదులు చేసి గ్లాసుడు నూనె దించేసి బిగించాడు. స్టార్టు చేశాడు. కాసేపు పొగ వచ్చి తగ్గిపోయింది. ఇంజను మామూలుగా ఆడుతోంది.

"దీనికేటీ నేదు బాబూ. నూనె ఎక్కువైపోనాది, అందుకే పొగ. అన్నీ ఇంజను నూనెలే గదా, ఉభాలయ్యేక మొత్తం మార్చుకుంటే సరి."

"మరి కలిపితే పట్టీస్తాదన్నావు గదా?"

"అన్నాను. నెలల తరబడి కలిపీకండని అన్నాను. ఉభాల్లో మూడ్రోజులు బండి ఆపీమన్నానేటి?"

తల కొట్టేసినట్టయింది. అతనికి తిండి కూడా పెట్టకుండా బండెక్కి అత్త మడికి తోలాను. బండి మడిలోకి దింపాల్సిన పనే లేకపోయింది. నీరు పక్క మడికి తిరిగి ఒక రోజు దాటింది. అడుగు పెడితే కాలు దిగలేదు. నాట్ల కోసం ఆవిడ మడి మూల పోసుకున్న నారు అప్పటికే ఎత్తుగా లేచి ఉంది, వాన మళ్లీ పడేసరికి ముదిరి గెణుపులు కట్టేసి ఎందుకూ పనికిరాకుండా పోయింది.

అక్కణ్ణించి అత్త ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. కాళ్ల మీద పడదామనే అనుకున్నాను. ఇంజను మోత వినగానే ఆవిడే బయటికి పరిగెత్తుకొచ్చింది. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"ఆడతన్నాదా అల్లుడా? సచ్చిపోనేదా? అమ్మయ్య, నా తల్లి!" అని రెండు చేతులూ జోడించింది. "నా నూనె పడకే దానికి అలగయిపోనాదని మూడ్రోజులై నాకు మెతుకు దిగనేదురా. మీ నాన్న ఎడ్లనొగ్గుకుని తెచ్చుకున్న బండి. సూద్దారని రెండు సార్లొచ్చినాను, నీ మొహం సూసి అడగనేకపోనాను. తెలీక పోసీసినాను, తప్పయిపోనాది."

అంటే ఆవిడ రెండు రోజులూ వచ్చింది మడి కోసం కాదు.

"ఏటీ కానేదత్తా. బాగున్నాది" అన్నాను. "నీ మడే..."

"మడిదేటిరా, మడెక్కడికి పోతాది!" అంది.

నాలుగు రోజుల తర్వాత మా మడిలో నాట్లకి వచ్చిన ఆడవాళ్లలో ఆవిడా ఉంది. ఆ ఏడు సొంత నాట్లు లేవు కదా, అందరికంటే ముందే వచ్చింది. "మా అల్లుడు సేసిన దమ్ము, ఏలు పెడితే దిగిపోతన్నాది సూడండే" అని పక్కవాళ్లకి చెప్పి మురిసిపోతోంది. నేను గట్టు మీద నిలబడలేక ఇంటికి వచ్చేశాను.

ఆ నూనెలో ఏ దోషమూ లేదని ఆవిడ బతికున్నన్నాళ్లూ నేను చెప్పలేదు. చెబితే, మరి మూడ్రోజులు ఎందుకాపినావురా అని అడుగుతుంది కదా.