అయిమ్‌కాన్‌కు ఆరడుగుల నేల

నారిన్ నది ఎగువన మా ముసల్మాను ఊళ్లో యేసును నమ్మినవాళ్లం గుప్పెడు మందిమి. సగిన్ ఇంట్లోనే కూడుకునేవాళ్లం. అతను గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. మనిషి ఎత్తరి, గొంతు పెద్దది. ప్రార్థనకు నిలబడితే దేవుణ్ణి వేడుకుంటున్నట్టు ఉండేది కాదు, పనివాడికి పని పురమాయిస్తున్నట్టు ఉండేది. ఒకావిడకు అతని ప్రార్థన తర్వాత జ్వరం దిగింది. అప్పటినుంచి సంఘంలో అతని మాటకు ఎదురు లేదు.

నమ్ముకున్న కొత్తలోనే అన్న ముకాష్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. తండ్రి సంవత్సరీకం విందుకు అన్న వచ్చి పిలిస్తే, "చచ్చిన ప్రార్థనలు చదివేచోట నేను కూర్చోను" అని గుమ్మంలోంచే పంపేశాడు.

తర్వాత కొన్నేళ్లకు అతని భార్య అయిమ్‌కాన్‌కు కాలేయం పాడైంది. డాక్టర్లు పెదవి విరిచారు. ఆ ఆదివారం సగిన్ లేచి, "వసంతానికల్లా ఈమె మీ అందరికీ రొట్టెలు కాలుస్తుంది. ప్రభువు నాతో చెప్పాడు" అన్నాడు.

బొంతలో ముడుచుకుని ఉన్న అయిమ్‌కాన్, "నాతో చెప్పలేదే" అంది సన్నగా. కొందరు నవ్వారు. సగిన్ నవ్వలేదు.

జనవరిలో ఆమె పోయింది.

ఊరిపెద్ద వచ్చాడు, గుర్రం కూడా దిగలేదు. "మన శ్మశానంలో ఆమెకు చోటు లేదు. తిరిగి మనలోకి వచ్చేసిందని ముల్లా ముందు ఒక్క మాట చెప్పు, ఇప్పుడే గొయ్యి తవ్విస్తాం."

"రాలేదు తాతా. ఎలా చెప్పను?"

"అయితే నేల కూడా నీ దేవుణ్ణే అడుక్కో."

మేమంతా గుమ్మం వెనక్కి తప్పుకున్నాం. ఊరంటే అందరికీ భయమే. శవం పొయ్యిలేని చలిగదిలోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున సగిన్ అన్న ఇంటికి బయల్దేరాడు. తోడు నేను వెళ్లాను.

ముకాష్ గొర్రెలకు గడ్డి వేస్తున్నాడు. "ఎవరూ, దేవుడితో ముఖాముఖి మాట్లాడే పెద్దమనిషా! మా గుమ్మం తొక్కితే మైల కాదూ?"

సగిన్ టోపీ తీశాడు. "నన్నేమన్నా అను, అన్నా. అది చలిగదిలో పడి ఉంది. ఎక్కడ పెట్టను?"

"లేచి కూర్చుంటుందన్నావటగా? ఊరంతా చెప్పుకున్నారు."

"ప్రభువు చెప్పలేదన్నా. నేనే చెప్పి ఆయన పేరు పెట్టాను."

ఆ మాట అంటుంటే అతని మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. ముకాష్ చాలాసేపు గడ్డి వేస్తూనే ఉన్నాడు. తర్వాత చేతి అంచుతో ముక్కు తుడుచుకుని, "పిచ్చి పిల్ల, నీకు తెలియకుండా వచ్చి నా కూతురికి జడలు వేసి పోయేది" అన్నాడు. "ఏటి అవతల నా గడ్డిభూమి ఉంది. పార తెచ్చావా? ప్రార్థనతోనే తవ్వేస్తావా?"

నేల రాయిలా గడ్డకట్టింది. పాత టైర్లు, పిడకలు తగలబెట్టి, కరిగినంతమేర తవ్వుతూ పోయారు అన్నదమ్ములు. ఆమెను దించాక అందరం సగిన్ వైపు చూశాం. అతను వంగి, నుదురు ఆ బురదమట్టికి ఆనించి, "ప్రభువా, నాకేమీ తెలీదు" అన్నాడు. అంతే. ముకాష్ తన మత పద్ధతిలో ప్రార్థించి, అరచేతులు మొహం మీదుగా దించుకున్నాడు.

సంఘం ముందు సగిన్ తన అబద్ధం ఒప్పుకున్నాడు. "అయితే జ్వరం దిగిందన్నదీ అబద్ధమేనా?" అని కొందరు వెళ్లిపోయారు. అతను ఆపలేదు. సమాధికి నేల ఇచ్చాడని ముకాష్‌కు ఊళ్లో పెళ్లివిందుల పిలుపులు ఆగిపోయాయి. తన మూలంగా అన్నకు పట్టిన ఆ వెలి తలుచుకుని సగిన్ కుమిలిపోతాడు.

కిందటి శరదృతువులో మా అమ్మ మంచం పట్టింది. సగిన్‌కు కబురు పెట్టాను.

"తగ్గుతుందా?" అని అడిగాను.

"తెలీదమ్మా. అడుగుదాం."

అమ్మ చెయ్యి పట్టుకుని, నాకు వినపడీ వినపడనంత మెల్లగా అడిగాడు. అమ్మకు తగ్గలేదు. మర్నాడు మళ్లీ వచ్చాడు. పొయ్యిలో బొగ్గు వేసి, ఆమె పక్కన కూర్చున్నాడు.